మిగిలిన కొబ్బరాకు

మా దీవి నుంచి అంబోన్ పట్నం వెళ్లే పడవ కోసం రేవులో కూర్చున్నాం. ముందు వరసలో ముసలి మొగుడూపెళ్లాలు మాట్లాడుకుంటున్నారు. ఆమె కంటి ఆపరేషన్‌కు వెళ్తోంది.

“నా జాజికాయ చెట్లన్నిటికీ కొబ్బరాకు కట్టావా?”

“కట్టానే. కట్టినవాళ్లు విప్పేదాకా ఊళ్లో ఎవరూ కాయ ముట్టరు.”

“నువ్వూ ముట్టకు. అవి మా అమ్మ నాకిచ్చిన చెట్లు.”

“పెళ్లైనప్పటినుంచీ వింటూనే ఉన్నా.”

“పక్కింటి కోర్నేలియా నీకు చేపల పులుసు పట్టుకొస్తుంది, చూస్తూ ఉండు.”

“తెస్తే తింటా. నీ పులుసులో కన్నా ఉప్పు తక్కువ.”

“సిగ్గులేకపోతే సరి! నాతో రావచ్చుగా?”

“పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. కళ్లు సరిగ్గా కనబడని నువ్వే నన్ను చూసుకోవాలి.”

“ఆ చేతిలో ఏమిటి?”

“ఒక ఆకు మిగిలింది. చెయ్యి ఇలా పెట్టు.”

“నేనేమైనా చెట్టునా? అందరూ చూస్తున్నారయ్యా!”

“చూడనీ. సముద్రం కూడా చూడాలి. నేను విప్పేదాకా నిన్నెవరూ ముట్టకూడదు.”

“మరి డాక్టరు?”

“కంటి వరకే.”

పడవ కూత వేసింది. ఆమె మణికట్టు మీది ముడిని వేళ్లతో తడిమి చూసుకుంది.

“ఆ మిగిలిన ముక్క పారేయకు, ఇలా ఇవ్వు.”

“ఎందుకే?”

“కోర్నేలియా కూడా చూడాలిగా. చెయ్యి పెట్టు.”