ఎడమ వైపు సలాం

ఈరోజు పొద్దున చాంద్ పాషా గారు ఈ హాలు ముందు స్కూటర్ ఆపినప్పుడు చూశాను, ఎడమ హ్యాండిల్‌కు అద్దం లేదు. అది ఉండాల్సిన చోట తుప్పు పట్టిన నట్టు మాత్రం ఉంది. ఎవరో కొట్టేశారని కంగారుపడ్డాను. ఆయనే విప్పేశారట. ఆ కథ చెప్పే ముందు, ఆయన పదవీ విరమణ సభకు అధ్యక్షులు మేనేజర్ గారికి, వేదిక మీది పెద్దలకు, షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన అన్నలకు, చాంద్ పాషా గారి ఇల్లాలు మెహరాజ్ బేగం గారికి నమస్కారం, సలాం. నేను దవాఖానలో ఫిజియోథెరపీ గదిలో పనిచేసే ఉమేరాను. వెనక వరుసకు నా గొంతు వినపడకపోతే మన్నించండి. ముందు వరుసకు కూడా వినపడదు. (నవ్వులు)

గనిలో పట్టాల మీది బొగ్గు టబ్బులు జతచేసే చాంద్ పాషా గారికి కొన్నేళ్ల కిందట మెడ పట్టేసి, ఎడమకు తిరగడం మానేసింది. అందుకని స్కూటర్‌కు ఎడమ వైపు లారీ అద్దం బిగించుకున్నారు. మెహరాజ్ బేగం గారు డాక్టరు రాసిన గోలీల పక్షం. టబ్బులను తాడుతో లాగే ఇంజన్ నడిపే సదయ్య కాక, ఫోన్లో వీడియోలు చూసి, కరీంనగర్‌లో మెడ సరిచేసే కైరోప్రాక్టర్ పక్షం.

"భాభీ, గోలీలు మింగి మింగి భాయ్ కడుపు మందుల దుకాణమైంది. మెడ గట్లనే ఉండె."

"అయితే ఏంది, కోడి మెడ విరిచినట్టు విరిపిస్తవా?"

ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక ఆయన రెండు వైద్యాలూ చేయించుకున్నారు. గోలీలు వేసుకున్నన్ని రోజులు మెడ ఊరుకుంది, కడుపు మండింది. కరీంనగర్‌లో ఎక్స్‌రే చూసి, మెడ టక్కుమనిపించారు. "కరెంటు పోయినింట్ల లైటొచ్చినట్టయింది బిడ్డా" అన్నారు నాతో. ఆ లైటు తిరుగు దారిలో బసంత్‌నగర్ దాకా ఉంది. అక్కడ సిమెంటు లారీ హారన్ కొడితే సంతోషంగా తిరిగి చూశారు, మెడ మళ్ళీ పట్టేసింది. (నవ్వులు)

ఆ తర్వాత డాక్టరు గారు నా గదికి పంపారు. తలెత్తకుండానే, ఏం కావాలని అడిగాను.

"మెడంత వద్దు బిడ్డా. ఎడమకు తిరిగితే చాలు. నమాజు ఆఖర్ల కుడికి సలాం చెప్త, ఎడమకు చెప్పబోతే కండ్లే పోతున్నయి, ముఖం పోతలేదు. పైవాడు మాఫ్ చేస్తడు. నాకే మంచిగనిపిస్తలేదు."

అప్పుడు తలెత్తాను.

మెల్లగా పక్కలకు, పైకీ కిందికీ, రోజూ చేయమని చెప్పాను. ఎక్కడ చేయకూడదో చెప్పలేదు. గనిలో దూరం నుంచి మాట వినపడదు కనుక, టోపీ లైటు అడ్డంగా ఊగితే ఆపమని, పైకీ కిందికీ ఊగితే లాగమని కదా అర్థం. ఈయన డ్యూటీలో, తలమీద ఆ లైటుతోనే, ఎంతో శ్రద్ధగా, మెడ తిప్పారు. సదయ్య కాక ఆపాడు, లాగాడు, మళ్ళీ ఆపాడు. చివరికి ఇంజన్ బంద్ చేసి చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది భాయ్! ఆపుమంటవా, లాగుమంటవా?"

"నీతోని ఎవడు మాట్లాడుతుండు? నా మెడతోని మాట్లాడుతున్న!"

(నవ్వులు) మేనేజర్ గారు కూడా నవ్వుతున్నారు. ఆ రోజు నవ్వలేదు. అప్పటినుంచి ఆయన ఇంట్లోనే, టీవీ ముందు చేస్తున్నారు.

ఏ వైద్యం గొప్పదో తేల్చమని సదయ్య కాక పొద్దుటినుంచి నా వెంటపడుతున్నాడు. నేను చదివినంతలో పెద్ద తేడా కనపడలేదు. ఒకరికి ఒకటి పనిచేస్తుంది, ఇంకొకరికి ఇంకొకటి. పరీక్ష చేయించుకోకుండా మాత్రం ఎవరి చేతికీ మెడ ఇవ్వకండి. చాంద్ పాషా గారి మెడ బాగున్న రోజున గోలీలు, టక్కు, నా వ్యాయామం, మూడూ తమ గొప్పే అంటాయి. నొప్పి వచ్చిన రోజున మాత్రం ఆ మెడ ఆయనది ఒక్కరిదే. ఆ రోజుల్లో కూడా ఆయన వ్యాయామం మానలేదు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది అది.

కాకా, దండలు ఒక్కొక్కటిగా వేయండి, ఆ మెడకు బరువుంటుంది. ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు, ఇక సెలవు.

అన్నట్టు, పోయిన శుక్రవారం ఎడమ వైపు సలాం పూర్తయింది. ఆ సంగతి ఇంటికొచ్చి నాకు చెప్పింది మా నాన్న. మసీదులో చాంద్ పాషా గారికి ఎడమ పక్కన కూర్చునేది ఆయనే.