నోటికి పెట్టుకున్న ఒట్టు

చెప్పు ఊడిపోతే తెల్వకుండెట్లుంటదని నన్నడుగుతవేంది డాక్టరమ్మా? తెలిస్తే ఏసుకోనా? మార్కెట్ల కూరగాయలమ్మి ఇబ్రహీంపట్నం బస్టాండ్ దాంక ఒంటి చెప్పుతోని నడిచిన. రోడ్డేమో ఎండకు కాలవట్టె. బస్సెక్కినంక పక్కామె, "అనంతమ్మా, నీ కాలంత బొబ్బలేందే" అంటే అప్పుడు కిందికి చూసిన.

నవ్వకు. నేను తిండికి మొహం వాచినదాన్ని గాదు. నా మడిల తోటకూర, పాలకూర, గోంగూర, ఏది లేదు? రోజూ అదే తింట. ఏమంటివి? గా బీ ట్వెల్వు ఆకుకూరలల్ల ఉండదా? గంపెడు తిన్నా రాదా? మరి గదేం విటమిన్ తల్లీ, దానికంత గీరేంది.

మొన్న రిపోర్టు చూసి నువ్వు చెప్పింది మరువలె. నరాల మీద తొడుగుంటది, గా విటమిన్ లేకుంటే తొడుగు పాడైతది. మా బోరు మోటరు వైరు లెక్క. అందుకే అరికాళ్లల్ల చీమలు పాకినట్టయితది, పొయ్యి మీద కూర పెట్టి మర్చిపోత. మరి ఇన్నేండ్లు మంచిగనే ఉంటి గదా అంటే, కార్జంల దాసుకున్నది అయిపోయేదాంక బయటపడదంటివి. అవ్, కావచ్చు.

గని గుడ్డు తిను, పాలు తాగు అనకు. తిన. తాగ.

ఒట్టున్నది. మా ఆయిన బాలనర్సింహ తాగి తాగి ఇల్లు ఆగం చేసిండు. ఒకనాడు మైసమ్మ ముందల ఇద్దరం పసుపు బియ్యం పట్టుకున్నం. ఆయిన మందు ముట్టద్దు, నేను నీసు ముట్టద్దు. నీసొక్కటే ఇడిస్తే ఏం గొప్పని పాలు, పెరుగు గూడ ఇడిసిన. ఒకరు తప్పితే ఇంకొకరి ఒట్టు గూడ పోయినట్టే. గప్పటి సంది ఆయిన చుక్క ముట్టలె. బోనాలకు యాటకూర నా చేతుల్తోనే వండి అందరికి పెడ్త, ఉప్పు గూడ చూడ.

దేవతకు దండం పెట్టి ఒట్టు తీసేసుకో అంటవా? మైసమ్మ ఏమనదు, నాకు తెలుసు. నా భయం ఆమెతోని గాదు.

నువ్వు చెప్పిన్నాడే ఆయిన గుడ్డు ఉడకవెట్టి, పొట్టు దీసి, ఉప్పు చల్లి తెచ్చిండు. "తినే, ఏం గాదు" అన్నడు. ఎన్నడు పొయ్యి దిక్కు రాని మనిషి. నా మీద పాణంతోని తెచ్చిండో, మల్ల తాగనీకి దారి చేసుకుంటుండో, నాకు తెల్వదు బిడ్డా. తెలుసుకోవాల్నని గూడ లేదు. గా గుడ్డు కుక్కకేసిన.

సూది గూడ ఉంటదంటివి గదా, గదెయ్యి. ఒట్టు నోటికి పెట్టుకున్న, పిర్రకు గాదు. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లొస్త. ఆయిన బయట బెంచి మీద కూసున్నడు, లోపల్కి పిలువకు.

జర గట్టిగనే పొడువు. నొప్పి తెలిస్తే సంతోషమే.