లక్క ముద్ర కింద గుర్రప్ప నేరం

గుర్రప్ప అని బావులు తవ్వేవాడు, ఇంటి ముందర కూచోని సంగటి తింటాండాడంట. చెయ్యి ఇంకా సంగట్లోనే ఉంది, రాజు బంట్లు నలుగురొచ్చి, తిమ్మన్న కొడుకువి నువ్వే గదా, నడువ్ అన్నారంట. యాడికి? దర్బారుకి. ఎందుకు? మాకు తెలీదు. ఏమైందంటే, ఆ రాజ్యంలో అదొక పద్ధతి. పెద్ద నేరమైతే తాటాకు మీద రాసి, గొట్టంలో పెట్టి, లక్కతో ముద్రేస్తారు. ముందే పొక్కితే నేరం చేసినోడు ఏరు దాటి పారిపోతాడని. మనిషిని ఎదురుగా నిలబెట్టినాకనే న్యాయాధికారి ఆ లక్క పగలగొట్టాల. అంతవరకు బంట్లకు గూడా చెప్పరు. ఇంగ గుర్రప్ప తల తిరిగిపోయింది అనుకో. పక్కోళ్ల దూడను కొడితిని, అదేనేమో అంటాడు. బంట్లు నడువ్ నడువ్ అంటారు. మా నాయన బతికుండంగ ఎదురు మాట్లాడితిని, అదా? ఊరు దాటేతలికి, నేనేదో ఘోరం చేసే ఉంటా, యాదికి రాలేదంతే అనుకున్నాడంట పాపం.

ఇంటికాడ పెండ్లాం ఈరమ్మ ఏడుస్తాంది. మరిది ఓబులేసు పని నుంచి వచ్చినాడు. మీయన్నను పట్టకపోయినారబ్బా, ఏం నేరమో ఎవురికీ తెలీదంట అని చెప్పిందంట. వాడు గోడకానుకోని కూలబడి, "సుంకం గుడిసె కాలేటప్పుడు ఎవురూ చూడలేదే వదినా" అన్నాడు. ఈరమ్మ ఏడుపు ఆగిపోయింది. లక్క ఇంగా పగలనే లేదు, వీడికెట్లా తెలిసె?

"గుడిసె అని నేను అన్లేదే ఓబులేసా."

అప్పుడు చెప్పినాడంట. సుంకపోళ్లు గడ్డపారలు గుంజుకున్నారని కడుపు మండి ముట్టించినా, లోపల కావలి ముసలాయన పండుకోనుండేది తెలీదు, ఆయన చేతులు కాలిపోయినాయి అని. ఈరమ్మ వాడికి సంగటి పెట్టి, తిన్నాక చెయ్యి పట్టుకోని దర్బారుకి తీసకపోయింది.

ఆడ అప్పుడే లక్క పగలగొట్టి చదువుతాండారు. గుర్రప్ప, అయితే అయ్యుంటాది దొరా అనబోతాంటే, ఓబులేసు ముందుకొచ్చి, "అది మాయన్న కాదు, నేను" అన్నాడంట. తాటాకు మీద చూస్తే తిమ్మన్న చిన్నకొడుకు అనే ఉందంట. బంట్లకు చెప్పేటప్పుడు ఆ చిన్న అనే మాట ఎవురు మింగేసినారో తెలీదు. ఓబులేసును చెరలో పెట్టినారు. గుర్రప్పను ఇంగ నువ్వు పో అన్నారు, తప్పైందని గూడా అన్లేదు.

ఈరమ్మ మొగుణ్ణి ఇడిపించుకున్నట్టా, మరిదిని అప్పజెప్పినట్టా? తిరిగొస్తాంటే దావలో గుర్రప్ప అదే అడిగినాడంట. ఆయమ్మకే తెలీలేదు, నాకేం తెలుస్తాది.