తోడికోడళ్ళ చట్రం

వీరవేణని ఒకావిడుందంట, ఏటి నడుమ లంకలో. చేతికుట్టులో ఆవిడ తర్వాతే ఎవరైనా. గుడ్డ బిగించడానికి, చిన్న పువ్వుకైతే అరచేతిలో ఇమిడే చెక్క రింగు, తీగ పాకించాలంటే పళ్ళెమంత రింగు. పట్టయితే అంచు మచ్చ పడిపోద్దని రింగుకి మెత్తటి పేలిక చుట్టి మరీ బిగించేది, పని ఆపగానే విప్పేసేది. గుడ్డ మీద వేలితో కొడితే డప్పులా మోగాలనేది. అలాంటి మనిషికి ఏమైందంటే, పక్షవాతం వచ్చి ఎడంచెయ్యి పడిపోయింది. కుట్టేది కుడిచెయ్యే కదా అంటారేమో మీరు. మరి రింగు పట్టుకునేదెవరు?

ఈవిడకో చిన్న తోడికోడలు, పాపాయమ్మ. గోడకవతలే ఇల్లు. అత్తగారి రుబ్బురోలు కాడ మాట పెరిగి ఏళ్ళ తరబడి మాటల్లేవనుకోండి. అయినా కబురు విని ఉండబట్టలేక చూడ్డానికెళ్ళింది. వెళితే మంచం పక్కన పట్టు రవిక గుడ్డ, దాని మీద హంస. ఒళ్ళంతా వచ్చింది, తల లేదు. ఎవరిదక్కా ఇది అనడిగిందంట. పెద్దావిడ గోడవైపు తిరిగి, నీ కూతురిదేనే, పెళ్ళి కుదిరిందన్నారు, మన గొడవలో పిల్లేం చేసింది, అంది.

రింగు నే పట్టుకుంటా, కుట్టక్కా, అంది పాపాయమ్మ. పట్టుకుంటే రింగు కదిలిపోతాది, కుట్టు వంకరపోతాది. వదిలెయ్యవే, దానికి తల రాసిపెట్టి లేదు, అని పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఈవిడ ఊరుకోలా. బస్తీలో సాయిబులు మగ్గం మీద కుట్టడం చూసిందిగా, వడ్రంగి చేత నాలుగు కర్రల చట్రం చేయించి, గుడ్డని నాలుగువైపులా దారంతో లాగి కట్టి, మంచం పట్టెకీ ఎత్తుపీటకీ మధ్య ఆనించింది. ఆవిడ పైనించి గుచ్చాలి, ఈవిడ కిందనించి లాగి మళ్ళీ పైకి పంపాలి. మరి మాట్లాడకపోతే కుదురుద్దా? ఇటు పంపవే, అంటాది ఆవిడ. ఎక్కడక్కా, కనపడి చావట్లేదు, అంటాది ఈవిడ. ముక్కు కాడే, కాస్త ఎడంగా. అబ్బా, నా వేలక్కా. అలా అలా సూది కబుర్లు కాస్తా అత్తగారి కబుర్లయ్యి, నవ్వులు కూడా వీధిలోకి వినపడ్డాయంట.

పెళ్ళికి పిల్ల ఆ రవికే తొడుక్కుంది. పైనుంచి చూస్తే హంస ఈదుతున్నట్టే ఉంది. లోపలివైపు చూశారా, అన్నీ దారం ముడులే, అది పాపాయమ్మ పనితనం. ఇప్పటికీ ఆ ఇద్దరూ చట్రం కాడ కూచుని పొద్దస్తమానం పోట్లాడుకుంటారంట. పోట్లాడుకోనీండి. ఎవరలిగి లేచినా కుట్టు ఆగిపోద్ది కదా, అందుకని ఒక్కరూ లేవరు.