మూడో సంతకం పెట్టని చేయి

1989 జూన్ పన్నెండో తేదీ ఉదయం మా నిఘంటు కార్యాలయంలో సహాయ సంకలనకర్తగా అడుగుపెట్టి, అందరిచేతా ‘ఎర్రసిరా మేడమ్’ అని పిలిపించుకున్న మా సహోద్యోగిని, ముప్పై ఆరేళ్ళ నిష్కళంక సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచిక బాధ్యత చూస్తున్న మిత్రులు నాకు రెండు పేజీలు కేటాయిస్తూ, “మంచి మాటలే రాయండి సార్, పాత గొడవలు ఇప్పుడెందుకు?” అన్నారు. మంచి మాటలే రాస్తాను. కాని ఆవిడ గురించి మంచి రాయాలంటే మా గురించి చెడ్డ రాయక తప్పదు.

ఇంగ్లిషు జాతీయాలకు తెలుగులో పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు కూర్చే విభాగంలో వారు ఇరవై రెండేళ్ళు పనిచేశారు. మా పద్ధతి తెలియని వారి కుటుంబసభ్యుల కోసం చెబుతున్నాను. ఒక్కో జాతీయానికి ఒక్కో కార్డు ఉంటుంది. ఏ మాటనైనా పర్యాయపదంగా ఎక్కించే ముందు దాన్ని ఒక వాక్యంలో పెట్టి పైకి చదవాలి; అర్థం నిలిస్తే ఉంచాలి, నిలవకపోతే ఎర్రసిరాతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయాలి. ముగ్గురి సంతకాలు పడితేనే కార్డు అచ్చుకు వెళ్తుంది. ఒకసారి నేను రోజంతా తల బద్దలు కొట్టుకొని ఏరిన పద్నాలుగు మాటల్లో పదమూడు కొట్టేసి, “ఒకటి బతికింది కదండీ, టీ మీరే తాగించాలి” అన్నారు. తాగించాను.

పద్నాలుగేళ్ళ క్రితం టైపు విభాగంలోని ఒక అమ్మాయి అప్పటి ప్రధాన సంపాదకుల మీద ఫిర్యాదు చేసింది. టైపు చూసే నెపంతో ఆయన ఆమె కుర్చీ వెనక నిలబడి భుజాల మీద చేతులు వేసేవారు, తీయమన్నా తీసేవారు కారు. విచారణకు ముగ్గురిని నియమించారు: పరిపాలనాధికారి, మేడమ్, నేను. అధికారి రాసుకొచ్చిన నివేదికలో ఆ ప్రవర్తన ‘కేవలం చనువు’ అని ఉంది. ఆయన సంతకం చేశారు, నేనూ చేశాను. మేడమ్ మాత్రం అమ్మాయిని లోపలికి పిలిచి, మా పద్ధతి ప్రకారమే పైకి చదివారు.

“‘ఆయన నా కుర్చీ వెనక నిలబడి నాతో చనువుగా ఉన్నారు.’ నువ్వు చెప్పింది ఇదేనామ్మా?”

“కాదండీ. చనువు నేనిస్తే కదా ఉండేది? నేను చెయ్యి తియ్యమన్నాను.”

మేడమ్ ఎర్రపెన్ను తీసి నివేదికలో ఆ మాట కొట్టేశారు. “ఇది రిపోర్టు మేడమ్, మీ కార్డు కాదు!” అని అధికారి గయ్యిమన్నారు. “తప్పుమాట ఎక్కడున్నా తప్పేనండీ” అన్నారు. నేను నా సంతకాన్ని అలాగే ఉంచాను.

నివేదికకు రెండు సంతకాలు చాలన్నారు. అమ్మాయి నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. మేడమ్‌ను ‘మర్యాద హద్దులు మీరి ప్రవర్తించినందుకు’ అని మెమో ఇచ్చి, కిటికీ లేని కింది ప్రూఫుల గదికి పంపారు. చేయి వేసినవాడిది చనువట, మాట కొట్టేసినావిడది హద్దు మీరడమట! ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతోంది, ముందు నా మీద నాకే. ఆ వారమే ‘క్రాసింగ్ ద లైన్’, అంటే హద్దు మీరడం, అన్న జాతీయపు కార్డులో ప్రధాన సంపాదకులు స్వహస్తాలతో ‘చనువు, చొరవ’ అని చేర్చారు. ఆ కార్డుకు మూడో సంతకం మేడమ్‌దే కావాలి, ఆవిడ పెట్టలేదు. అందుకే మా నిఘంటువులో ఆ జాతీయం ఈనాటికీ లేదు.

ఆ ప్రధాన సంపాదకుల పదవీ విరమణ సంచికలో వ్యాసం రాసింది కూడా నేనే. ‘అందరితోనూ చనువుగా మెలిగే సహృదయులు’ అని రాశాను. ఔను, ఆ మాటే.

పోయిన వారం మేడమ్ గారి అమ్మాయి పింఛను కాగితాల కోసం వచ్చి, “అంకుల్, మా అమ్మ ఏం తప్పు చేసిందని కిందికి పంపారు? అడిగితే ‘కింద పనుంది’ అంటుందంతే” అంది. కాగితాలు చేతికిచ్చి పంపేశాను. తల్లీ, జవాబు ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను. మీ అమ్మ ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసింది నేను.

మొన్న ఆ ‘క్రాసింగ్ ద లైన్’ కార్డు తీసి ఆ రెండు మాటలూ కొట్టేశాను. ఆనాటి నివేదిక నుంచి నా సంతకం ఉపసంహరించుకుంటున్నాననీ, మెమో రద్దుచేసి విచారణ తిరిగి జరపాలనీ ఉత్తరం రాసి, ముందుగా మేడమ్‌కు చూపించాను. ఆవిడ కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. “పద్నాలుగేళ్ళు పట్టిందాండీ?” అని మాత్రం అడిగారు. తర్వాత పెన్ను తీసి, ‘పొరపాటున సంతకం చేశాను’ అన్నచోట మొదటి మాట కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశారు.

“ఇది వాక్యంలో నిలవట్లేదండీ.”

దాని పైన నేనే ‘భయపడి’ అని రాశాను. ఆవిడ ఇంకోసారి పైకి చదివి, ఉంచారు. ఆ ఉత్తరం ఇప్పుడు కొత్త ప్రధాన సంపాదకుల బల్ల మీద ఉంది; నకలు ఆనాడు ఫిర్యాదు చేసిన అమ్మాయికి పోస్టులో వెళ్ళింది.

విచారణ మళ్ళీ మొదలైన రోజున సాక్షిగా మేడమ్ ఆ గదిలో కూర్చోవాలి. నిజం చెప్పడానికి మా కార్యాలయం చాలా తీరిక తీసుకుంటుంది కనుక, వారికి చెక్కుచెదరని ఆరోగ్యమూ, మా ఆలస్యానికి సరిపోయేంత దీర్ఘాయుష్షూ కలగాలని మనసారా కోరుకుంటున్నాను.