ఏ ఊరిదీ కాని యాస

వీడియో గేముల్లో బొమ్మలు మాట్లాడే ఇంగ్లీషు ఏ ఊరి యాసో తేల్చి చెప్పడం అన్నగారి ఉద్యోగం. ఆ బొమ్మలకి గొంతు అరువివ్వడం చెల్లెలి ఉద్యోగం. ఇద్దరికీ జీతమిచ్చేది ఒకే కంపెనీ. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, చెల్లెలు ఒక కాగితం పట్టుకుని అన్నగారి గదిలోకి వచ్చి తలుపు వేసింది. అన్నగారు హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు గానీ తలెత్తి చూడలేదు. చెడు కబురు దాచుకున్నవాడికి కంప్యూటరు తెర మంచి చాటు.

“ఊరి పేరు రాయాల్సిన చోట ఖాళీగా వదిలేశావేంటన్నయ్యా?”

“తలుపు సరిగ్గా పడిందా? ఆ గడియ ఈమధ్య...”

“పడింది. అడిగినదానికి చెప్పు. నలభై ఒక్క డైలాగులు. నలభై ఒక్కటికీ ‘మళ్ళీ చెప్పించాలి’ అని కొట్టేశావ్. సరే, కొట్టావనుకో. పక్క గడిలో ఆ గొంతు ఏ ఊరిదో రాస్తావు కదా ఎప్పుడూ? గ్లాస్గో అనో, డబ్లిన్ అనో. ఇక్కడ ఏమీ లేదు. అన్నీ ఖాళీ గళ్ళే.”

“తోచలేదు, రాయలేదు.”

“నీకు తోచకపోవడమా! కోటగోడ మీద నిలబడి ‘పరిగెత్తండ్రోయ్’ అని ఒక్క కేక వేసి చచ్చిపోయే సిపాయి గొంతు విని, వీడు పుట్టింది ఆస్ట్రేలియా, పెరిగింది లండన్ అని రాసినవాడివి. అతన్ని పిలిచి అడిగితే నిజమేనన్నాడు కూడా.”

“అది తేలికే. కేక వేసేటప్పుడు ఎవరికైనా అమ్మ నేర్పిన యాసే బయటికొస్తుంది.”

“మరి నాది ఎందుకు కష్టమైంది?”

“అన్నం తిన్నావా?”

“మాట మార్చకు.”

“తిన్నావా లేదా?”

“తిన్నా. సాయంత్రం అయిదింటికి ఈ కాగితం డైరెక్టరమ్మ దగ్గరికెళ్తుంది. ఇది మూడోసారి. మూడుసార్లు తిప్పిన పాత్ర వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అది నాకంటే నీకే బాగా తెలుసు, ఆ రూలు పెట్టించిందే నువ్వు.”

“అవును, నేనే.”

“పెట్టించి, చివరికి సొంత చెల్లెలి నెత్తిన పడేశావ్. రేపు మెట్ల దగ్గర అందరూ ఏమంటారో తెలుసా? చెల్లెలని కూడా చూడలేదు, ఎంత పెద్దమనిషో అంటారు. నువ్వు పెద్దమనిషివి అవ్వడానికి నేనే దొరికానా?”

“నేను పేర్లు చూసి విననే. ఫైలు మీద నంబరే ఉంటుంది.”

“నంబరు! నేను తుమ్మినా పోల్చేస్తావ్, నాకు నంబరు చెప్తున్నావా? నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?”

“కూర్చో, పిచ్చుకా.”

“పిచ్చుకా గిచ్చుకా అని మంచి చేసుకోకు. నిలబడే మాట్లాడతా.”

“సరే, నిలబడే చెప్పు. నువ్వు గొంతిస్తున్న ఆ కమ్మరి ముసల్దాని మాట ఒకటి చెప్పు. ఇప్పుడు, ఇక్కడ, నా ముందు.”

“ఏది?”

“కొడుకు కత్తి విరగ్గొట్టుకుని వస్తాడే, అప్పటిది. ప్రపంచమంతా తిరిగినా ఇలాంటి ఇనుము దొరకదురా అంటుంది. మొత్తం వద్దు. వరల్డ్ అన్న మాటొక్కటి చాలు.”

“వరల్డ్.”

“స్కాట్లాండు ముసల్ది చెప్పినట్టు చెప్పు. ర దగ్గర నాలుక అంగిట్లో తగిలి ఆడాలి. ఇనుము మీద సుత్తి పడ్డట్టు మోగాలి.”

“వరల్డ్. మోగిందిగా.”

“మళ్ళీ.”

“వరల్డ్.”

“మళ్ళీ చెప్పు.”

“నేనేమన్నా రెండో క్లాసు పిల్లనా? కాస్త ఐరిష్ వైపు జారిందేమో, ఒప్పుకుంటా. స్కాట్లాండూ ఐర్లాండూ ఎంత దూరమని, మధ్యలో ఉన్నవి కాసిని నీళ్ళేగా. ఐరిష్ అని రాసెయ్, మార్కులు కోసెయ్. ఖాళీ మాత్రం వదలకు.”

“ఐరిష్ కాదది. వాళ్ళ ర మెత్తగా ఉంటుంది గానీ, ఉంటుంది. నాలుక వెనక్కి లాగి పట్టుకుంటారు. నీది మెత్తబడలేదు. అసలు అక్కడిదాకా చేరట్లేదు.”

“అయితే ఇంగ్లండు దక్షిణాది వాళ్ళది. వాళ్ళు ర మింగేస్తారుగా?”

“మింగడం వేరు. అక్కడ ర ఉందని మింగేవాడికి తెలుసు. అచ్చు కాస్త సాగదీసి దాటిపోతాడు. నీది దాటినట్టు లేదే, పడిపోయినట్టుంది.”

“పడితే లేస్తా. నాలుగు రోజులు గడువియ్యి. నరంలేని నాలుక అన్నారు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.”

“ఆ మాట అనకు.”

“సామెతేగా అన్నయ్యా!”

“సామెతైనా సరే. అనకు.”

“ఏమైంది నీకివాళ?”

“లండన్ యాసలో ఏదన్నా చెప్పు.”

“ఇప్పుడెందుకు?”

“ఊరికే. వినాలనిపించింది. ఓడరేవు గేములో చేపలమ్మే ఆవిడ ఉందిగా, నీ మొదటి పాత్ర. ఆవిడ బేరం చెప్పు.”

“పదకొండేళ్ళ కిందటిది. మర్చిపోయా.”

“నువ్వా! ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా అదే పాడేదానివి. ఒక్క ఊపిరిలో పదిహేడు చేపల పేర్లు. రికార్డింగు చేసేవాడు ఆగలేక చప్పట్లు కొడితే, ఆ చప్పట్లు కూడా రికార్డయిపోయి, పాపం నువ్వు మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సొచ్చింది.”

“గొంతు బాలేదన్నయ్యా.”

“గొంతు బానే ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ నామీద అరుస్తూనే ఉన్నావ్.”

“బతిమాలించుకోవడం కాదు, నిజంగానే...”

“చెప్పు పిచ్చుకా. సగం చెప్పు, చాలు. ఇదిగో, కళ్ళు మూసుకున్నా.”

చెల్లెలు గోడకేసి తిరిగి చెప్పింది.

“విన్నావుగా. చాలా?”

“ఆరు చేపలే అయ్యాయి.”

“ఊపిరి అందలేదు. వయసొస్తోంది.”

“ముప్ఫై ఎనిమిదేళ్ళకి వయసేంటే. ఊపిరి కాదది. మూడో చేప దగ్గర ల జారింది. అయిదో దాంట్లో క అందలేదు. స్కాట్లాండు యాస నీకు కొత్త, ఇంకా పట్టుబడలేదనుకున్నా. ఒట్టు, మొన్నటిదాకా అలాగే అనుకున్నా. ఫిబ్రవరి నుంచి రోజూ పొద్దున్నే గంట ముందొచ్చి కూర్చోబెట్టి రుద్దుతున్నా కదా. కానీ లండన్ యాస నీ సొంత చేను. ఇక్కడెందుకు జారావ్?”

“అలవాటు తప్పింది.”

“సరే. ఇంగ్లీషు సంగతే వద్దు. నీ కూతుర్ని పేరుపెట్టి పిలవడం ఎప్పుడు మానేశావ్?”

“మానేశానని ఎవరన్నారు?”

“ఎవరో అనక్కర్లేదు. నెలల తరబడి ‘బంగారం’ అంటున్నావ్, ‘కన్నా’ అంటున్నావ్. దాని పేరులో రెండు రలున్నాయి. పిలిస్తే వీధంతా మోగాలని నువ్వే పట్టుబట్టి పెట్టావ్ ఆ పేరు. మొన్న అది మెట్ల మీద జారబోతే కూడా నీ నోట పేరు రాలేదు. ‘ఏయ్’ అన్నావ్.”

“కంగారులో...”

“కంగారులో ఏ తల్లికైనా ముందొచ్చేది పేరే.”

“ముద్దుగా పిలుచుకుంటే అదీ తప్పేనా? నీకు చెవులు పోయి ఆ తప్పు నా నోటిమీదికి తోస్తున్నావ్. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!”

“చెవులే పోయాయనుకున్నానే. వెళ్ళి చూపించుకున్నా కూడా. పరీక్షలన్నీ చేసి, ఇరవయ్యేళ్ళవాడి చెవులు సార్ మీవి, అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషించాల్సినదానికి ఏడుస్తాడేంటీ మనిషి అని అలాగే చూశాడు పాపం.”

“ఇంక చాలన్నయ్యా. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నా నోటికి ఏదో ఒక ఊరు రాసిచ్చెయ్, పోతాను.”

“అబద్ధం రాయమంటావా?”

“నీ దగ్గర నిజముంటే అదే రాయి. ఏ ఊరో చెప్పు చూద్దాం. భూమ్మీద ఎక్కడా లేని యాసా నాది?”

“అలాగే అనుకుని నా దగ్గరున్న గొంతులన్నీ తీసి విన్నా. నాలుగు వేల గొంతులు, ఆడా మగా, ముసలీ ముతకా. ఒక్కటీ కలవలేదు. పోయిన ఆదివారం తెలిసింది, వెతకాల్సింది అక్కడ కాదని.”

“మరెక్కడ?”

“అటక మీద అట్టపెట్టెలో. కాసెట్టు. దానిమీద తేదీ నీ చేతిరాతే, ఎనిమిదో క్లాసు రాత.”

“వద్దు.”

“నాన్నది.”

“వద్దంటున్నానా!”

“వేలంపాటలు పాడి మనల్ని పెంచిన మనిషి. పాత బీరువా అమ్మినా, పగిలిన అద్దం అమ్మినా గుక్క తిప్పుకోకుండా పాడేవాడు. కొనేవాళ్ళకంటే వినేవాళ్ళే ఎక్కువ. అలాంటి మనిషికి చివరి ఏడాది నాలుక నరాలు చచ్చుబడుతుంటే, రోజూ పేపరు పైకి చదవండని డాక్టరు చెప్తే చదివేవాడు. బాగుపడుతున్నాడో లేదో తెలుస్తుందని మనిద్దరం రికార్డు చేసేవాళ్ళం. ఆ మొదటి నెల కాసెట్టు పెట్టి, దాని పక్కనే నీ ఫైలు పెట్టి విన్నా.”

“నాన్నది తెలుగు. నాది ఇంగ్లీషు. ఎలా పోలుస్తావ్?”

“భాష ఏదైతేనేం. ముందు ర, తర్వాత ల, ఆ తర్వాత క. అదే వరస. ఆయన కూడా నన్ను పేరుపెట్టి పిలవడం మానేసి ‘అబ్బాయ్’ అనడం మొదలెట్టాడు. మనం ముద్దనుకున్నాం.”

“ఇంక నేను వెళ్తా.”

“వెళ్ళకు. కావాలంటే తిట్టు.”

“తిడితే అందులోనూ రలు ఏరతావ్.”

“నాకు భయంగా ఉందే. నలభై ఒక్క గళ్ళలో ఏం రాయను? నాన్న అని రాయనా? చెయ్యి రాలేదు, వదిలేశా. రేపే డాక్టరు దగ్గరికెళ్దాం. కాకపోవచ్చు. నేనే పొరపాటు పడ్డానేమో. ఎవరన్నా నాది తప్పని చెప్తే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతా.”

“నువ్వు పొరపాటు పడవులే. ఇరవయ్యేళ్ళవాడి చెవులట కదా.”

“అంటే?”

“వెళ్ళొచ్చాను.”

“ఎక్కడికి?”

“డాక్టరు దగ్గరికి. జనవరిలో.”

“జనవరిలోనా! ఇప్పుడు సెప్టెంబరే! బావకి తెలుసా?”

“ఆయనకి చెప్పా. నీకు చెప్పొద్దన్నా. నాన్నకి అన్నం తినిపించింది నువ్వు, ఆఖరికి పలక మీద రాసి మాట్లాడించింది నువ్వు. మళ్ళీ నువ్వే చూడాలా అని...”

“పిచ్చిదానా. పిచ్చి మొహమా.”

“ఏడవకు. నువ్వేడిస్తే నేనూ ఏడుస్తా, మధ్యాహ్నం ఇంకా రికార్డింగుంది. ఇంకో అరవై డైలాగులే అన్నయ్యా. డిసెంబరు దాకా నెట్టుకురావచ్చన్నాడు డాక్టరు. ఆ గేము ఆఖర్న తలుపు దగ్గర నిలబడి, జాగ్రత్తగా వెళ్ళిరండి అని చెప్పేది ఆ ముసల్దే. నా కూతురు పెద్దదయ్యాక ఆ మాట వినాలి. అదొక్కటీ చెప్పనియ్యి.”

“ఇలా తే ఆ కాగితం.”

“ఏం రాస్తావ్?”

“గ్లాస్గో. ఇదుగో, కొట్టివేతలన్నీ కొట్టేశా. నలభై ఒక్కటికీ గ్లాస్గో. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో మొదటి అబద్ధం.”

“అన్నీ ఒక్కసారే ఎలా మారాయని డైరెక్టరమ్మ అడిగితే?”

“ముసలాణ్ణయ్యానంటా. ఒక్కటి చెప్పవే. జనవరిలోనే తెలిస్తే ఫిబ్రవరిలో ఈ పాత్ర ఎందుకు ఒప్పుకున్నావ్? అందులోనూ నీకు రాని యాస!”

“రాని యాస కాబట్టే అడిగి మరీ తీసుకున్నా. లండన్ యాసలో తప్పితే నోరు పోతోందని పట్టేస్తారు. కొత్త యాసలో తప్పితే ఇంకా రాలేదనుకుంటారు. నువ్వు కూడా అలాగే అనుకున్నావుగా.”

“అనుకున్నా. అనుకుని, ఏడు నెలలు పొద్దున్నే నిన్ను నిద్ర లేపి లాక్కొచ్చా. రాదని తెలిసీ ఎందుకు కూర్చున్నావే నా ముందు, రోజుకో గంట?”

“నేర్చుకోడానికి కాదన్నయ్యా. ఒక్కో మాట నువ్వు పదిసార్లు పలికి చూపించేవాడివిగా. నాన్నకొచ్చింది, నాకొచ్చింది. నీకూ మొదలైందేమోనని, రోజూ నీ ర వినడానికి వచ్చేదాన్ని.”