సారపాముల్ని కొట్టించిన ఏడు

"అవ్వా, పంపుసెట్టు కాడ పాముండాది, ఎవురినన్నా పిలిచి కొట్టించనా?" అని అట్లా పరిగెత్తుకొని వస్తివే, ఇట్లా రా, కూర్చో. అది సారపాము, కణ్ణు తల్లీ. ఆంధ్రా పక్క జెర్రిపోతు అంటారంట. విషం లేదు దానికి. పోనీ.

నేనూ నీ మాదిరే ఒకతూరి కొట్టించినాను. పెళ్లయి ఇంకా ఏడు తిరగలేదు. తిరుమంగళం నుంచి ఈ సూలూరు పక్కకు వచ్చినాను. మీ తాతకు మిల్లులో పని, సంగు, అదే మిల్లు సైరను, ఊదితే సైకిలెక్కేస్తాడు. వేరుశనగ చేను చూసేది నేనూ, మా అత్తానూ. అత్తంటే... ఎట్లా చెప్పేది, నోరు తక్కువ, చూపు ఎక్కువ. చేను గట్టుమీద రాళ్లకుప్పలో జత సారపాములుండె. ఆ నెల ఆవు పాలు తగ్గిపోయె. సారపాము ఆవు కాళ్లకు చుట్టుకొని పాలు తాగతాదని మా పుట్టింటి పక్క అంటారు, తెలుసు కదా? అత్త మేలూరులో పెళ్లికి పోయిండె. మీ తాతకు లీవు. ఏడ్చి, మొండిచేసి, రెండింటినీ కొట్టించేసినాను.

అత్త వచ్చి చూసింది. "ఇంక చేనుకు కావలి నువ్వే కూర్చో" అనింది, అంతే. పాలు పెరగలేదు. దూడ కట్టు వదులై అదే తాగేస్తా ఉండెనంట, నా తెలివికి!

అప్పురం, ఆ పాములు పోయినాక, ఎలుకలు పుట్టినాయి చూడు. గట్టంతా బొరియలే. కార్తీకంలో చెట్టు పీకితే సగం కాయలు వట్టి తొక్కలు. మిగిలినదాన్ని విత్తనానికని బానలో పోసి గుడ్డ కడితే, ఆ గుడ్డ కొరికి అదీ తినేసినాయి. ఆడి నెల, అదే ఆషాఢం, వానకు విత్తేదానికి గింజ లేదు. తినే నోళ్లు ఏడు, మిల్లు కూలి ఒకటే. నన్ను పుట్టింటికి పంపేస్తారని నాకు ఒకటే భయం.

విత్తనం అడిగేదానికి అత్త తన తమ్ముని ఇంటికి నన్నూ పిలుచుకొని పోయింది. ఎవురినీ ఏమీ అడగని మనిషి. ఆయన, మీ విత్తనం ఎట్లా పోయిందక్కా అని అడిగినాడు. నేను తల వంచుకొంటి. "నేనే బాన మూయడం మరిచిపోతిని రా" అనింది అత్త. నా పేరే ఎత్తలేదు, కణ్ణు.

ఆయన ఇచ్చిన గింజలే విత్తినాము. రాళ్లకుప్పను ఎవురినీ తాకనీలేదు. ఎలుకల్ని పట్టే గుడ్లగూబ కూర్చొనేదానికి చేనులో కొయ్యలు నాటించింది. రెండో ఏడు ఒక సారపాము వచ్చె. ఎలుకలు తగ్గె, కానీ అన్నీ పోలేదు. నేను పాషాణం పెడదామంటే వద్దనింది. "ఎలుకే లేకుంటే అదేం తిని ఈడుంటాది? వాటి పిడికెడు వాటికి వదులు" అనింది. ఆ ఏడు కాయలు బానకు మించి వచ్చినాయి.

ఆ పొద్దు తమ్ముని ఇంట్లో అట్లా ఎందుకన్నావని ఆమె చచ్చేదాకా నేను అడగలేదు. చల్లగా ఉండు తల్లీ. నీ తప్పు తన మీద వేసుకొనే అత్త నీకు దొరకాల.